మట్టి మరచిన పాదాలు

బూట్లు విప్పి ఆరుబయట ఆడుకుంటే పిల్లలకు మేలేనంటున్నాయి పరిశోధనలు. కానీ ఆడుకునే నేల శుభ్రంగా ఉండాలి

తడి ఇసుకను కాలి మీద పోసి, అరచేత్తో మెత్తి, మెల్లగా పాదాన్ని వెనక్కి లాగితే పిచ్చుక గూడు తయారవుతుంది. ఒకప్పుడు ఇల్లు కట్టడానికి వీధిలో ఇసుక పోయిస్తే చాలు, సాయంత్రానికల్లా ఆ కుప్ప నిండా గూళ్లు వెలిసేవి. ఇప్పుడు నగరాల్లో చాలామంది పిల్లలకు పాదం నేలను తాకే అవకాశమే అరుదు. పొద్దున్నే బూట్లు వేసుకుని స్కూలు బస్సు ఎక్కుతారు. సాయంత్రం లిఫ్టులో ఫ్లాటుకు చేరి నున్నటి టైల్స్ మీద అడుగుపెడతారు. అపార్ట్‌మెంట్ చుట్టూ ఉన్న కాస్త జాగా కూడా సిమెంటే. మట్టిలో ఆడితే జబ్బులొస్తాయన్న పెద్దల భయం సరేసరి.

దీని ప్రభావం మొదట కనిపించేది పాదాల్లోనే. మణిపాల్‌లోని కస్తూర్బా మెడికల్ కాలేజీ వైద్యులు ఉదయభాస్కరరావు, బెంజమిన్ జోసెఫ్ 4 నుంచి 13 ఏళ్ల మధ్య వయసున్న 2,300 మంది పిల్లల పాదముద్రలను పరిశీలించి 1992లో ఫలితాలు ప్రకటించారు. పాదరక్షలు వేసుకునే పిల్లల్లో 8.6 శాతం మందికి అరికాలి వంపు లేని చదును పాదాలుంటే, వట్టి కాళ్లతో తిరిగేవారిలో అలాంటివారు 2.8 శాతమే. వేళ్లను పూర్తిగా మూసేసే బూట్లు తొడిగేవారిలో ఈ సమస్య ఎక్కువగా, చెప్పులు వేసుకునేవారిలో తక్కువగా కనిపించింది. బూట్లే కారణమని తేల్చిచెప్పిన ప్రయోగం కాదది. చిన్నతనంలో చదును పాదాలు చాలావరకు హాని చేయవు కూడా. అయినా, పాదం సహజంగా ఎదిగే వయసులో బిగుతైన బూట్లు అడ్డు తగలవచ్చన్న అనుమానానికి ఆ సర్వే బలమిచ్చింది.

కారణం అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. అరికాలి చర్మం నిండా స్పర్శను, ఒత్తిడిని పసిగట్టే నాడీ కొసలుంటాయి. ఇసుక జారుతుంది, గడ్డి మెత్తగా తగులుతుంది, గులకరాయి గుచ్చుకుంటుంది. ప్రతి అడుగులోనూ కొత్త సమాచారం మెదడుకు చేరుతుంది. దానికి తగ్గట్టు వేళ్లు నేలను పట్టుకుంటాయి, చీలమండ సర్దుకుంటుంది, ఒళ్లు తూలకుండా నిలదొక్కుకుంటుంది. ఒంటికాలి మీద గెంతే తొక్కుడుబిళ్ల, చెట్టెక్కే కోతికొమ్మచ్చి పిల్లలకు నేర్పేది ఈ విద్యే.

మట్టి మురికన్న అభిప్రాయాన్నీ కొత్త పరిశోధనలు ప్రశ్నిస్తున్నాయి. ఫిన్లాండ్‌లో పచ్చదనం లేని శిశు సంరక్షణ కేంద్రాల ఆవరణల్లో అడవి నేలను, పచ్చిక పలకలను పరిచి, 3 నుంచి 5 ఏళ్ల పిల్లలను రోజూ అక్కడ ఆడనిచ్చారు. 28 రోజులకే వాళ్ల చర్మం మీది సూక్ష్మజీవుల్లో వైవిధ్యం పెరిగింది. రక్తంలో రోగనిరోధక వ్యవస్థను క్రమబద్ధం చేసే సూచికలూ మెరుగయ్యాయి. 2020లో వెలువడిన ఈ అధ్యయనం 75 మంది పిల్లలకే పరిమితమైనా, నిపుణుల దృష్టిని ఆకర్షించింది.

ఆరుబయట వెలుగు కళ్లకూ మంచిదే. చైనాలోని గ్వాంగ్‌జౌలో 6 స్కూళ్ల ఒకటో తరగతి పిల్లలకు రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపే ఏర్పాటు చేశారు. మూడేళ్ల తర్వాత వాళ్లలో 30.4 శాతం మందికి హ్రస్వదృష్టి రాగా, ఆ అవకాశం లేని స్కూళ్లలో 39.5 శాతం మందికి వచ్చినట్లు 2015లో వెల్లడైంది.

చెప్పులు వద్దనా?

కానే కాదు. బహిరంగ మలవిసర్జన సాగే చోట వట్టి కాళ్లతో తిరగడం ప్రమాదకరం. కొంకి పురుగు పిల్లలు తేమ నేలలోంచి అరికాలి చర్మాన్ని తొలుచుకుని లోపలికి చేరతాయి. పేగుల్లో తిష్ఠవేసి రక్తం పీలుస్తాయి. పిల్లల్లో రక్తహీనతకు అదో కారణం. ప్రభుత్వం 2015లో జాతీయ నులిపురుగుల నివారణ దినాన్ని ప్రారంభించి ఆల్బెండజోల్ మాత్రలు పంచుతున్నది ఇలాంటి పురుగుల బెడద వల్లే. కాళ్లు కాలే ఎండలో బడికి నడిచే పేద పిల్లలకు చెప్పులు రక్షణే కాదు, గౌరవం కూడా. వాళ్లకు వట్టి కాళ్ల గొప్పదనం బోధించడం ఎగతాళే అవుతుంది.

కాబట్టి ఎక్కడ, ఎప్పుడు అన్నదే అసలు విషయం. గాజు పెంకులు, మేకులు, కుక్కల మలం లేని చోటు చూసుకోవాలి. ఎండ తగ్గాక ఆడించాలి. ఆట ముగిశాక కాళ్లూ చేతులూ సబ్బుతో కడిగించాలి. ధనుర్వాతం టీకాలు వేళకు వేయించాలి. మధుమేహం ఉన్న పిల్లల విషయంలో డాక్టరు సలహా తప్పనిసరి. ఇంటి దగ్గర జాగా లేకపోతే పార్కులో గడ్డి చాలు, డాబా మీద ఓ తొట్టెడు ఇసుక చాలు.

ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 నాటి విద్యా హక్కు చట్టం చెబుతోంది. ఆ స్థలంలో కొంత భాగాన్ని సిమెంటు చేయకుండా వదిలి, శుభ్రంగా ఉంచడం పెద్ద ఖర్చేమీ కాదు. పల్లె పిల్లలకైనా, ఫ్లాట్లలో పెరిగే పిల్లలకైనా ముందు కావలసింది భయం లేకుండా అడుగుపెట్టగల ఆ కాస్త నేలే.