ఊరి చెరువు - ఊరివారి ప్రణాళిక

బెంగళూరు పక్కన పెద్ద నది ఏదీ లేదు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఈ పీఠభూమిపై కురిసిన వాన పల్లానికి పారిపోతుంది. అందుచేత పూర్వులు వాగులకు అడ్డంగా కట్టలు వేసి చెరువులు నిర్మించారు. కన్నడంలో చెరువును 'కెరె' అంటారు. ఎగువ చెరువు నిండి అలుగు పారితే, ఆ నీరు కాలువగుండా దిగువ చెరువుకు చేరేది. ఈ కాలువలకే రాజకాలువలని పేరు. 1537లో కెంపేగౌడ కోట కట్టించి నగరానికి పునాది వేసిన నాటి నుండి అనేక చెరువులు బెంగళూరుకు నీరందించాయి.

ఆ రోజుల్లో చెరువు బాగోగులు ఊరివారే చూసుకొనేవారు. నీరుగంటి తూము తెరచి, పొలాలకు వంతులవారీగా నీరు వదిలేవాడు. వేసవిలో రైతులు పూడికమట్టిని బండ్లపై పొలాలకు తోలుకొనేవారు. దానివల్ల చెరువు లోతు తగ్గేది కాదు. పొలానికి సారమూ దక్కేది.

కాలం మారింది. 1890లలో హెసరఘట్ట నుండి, 1974లో కావేరి నుండి గొట్టాల ద్వారా నగరానికి నీరు వచ్చింది. కుళాయి తిప్పితే నీళ్ళు వస్తున్నప్పుడు చెరువుతో పనేముందని జనం అనుకొన్నారు. ధర్మాంబుధి చెరువు ఉన్నచోట బస్సు స్టేషను వెలసింది. సంపంగి చెరువు చాలావరకు కంఠీరవ క్రీడారంగమైంది. మిగిలిన చెరువుల్లో అనేకం మురుగుగుంటలయ్యాయి. బెళ్ళందూరు చెరువులో విషపు నురగ పొంగింది. 2015లోను, 2017లోను ఆ చెరువుపై మంటలు కూడా లేచాయి. నీటిపై నిప్పు పుట్టిందంటే ఎంతటి నిర్లక్ష్యం జరిగిందో ఊహించవచ్చు!

అయితే కొన్ని చోట్ల ప్రజలు మేలుకొన్నారు. సర్జాపుర రోడ్డు పక్కనున్న కైకొండ్రహళ్ళి ఒకప్పుడు చిన్న పల్లె. నగరం పెరిగి దాన్ని కలుపుకొన్నది. పల్లెవారి ఇళ్ళ నడుమ ఎత్తయిన భవనాలు లేచాయి. ఊరి చెరువులోకి మురుగు చేరింది. సుమారు 2009లో, అప్పటి బృహత్ బెంగళూరు మహానగర పాలికె చెరువును బాగుచేయడానికి పూనుకొన్నది. స్థానికులు ఇంజనీర్లతో కలిసి కూర్చొని, ఏమి చేయాలో ఆలోచించారు.

ఇటువంటి ఆలోచననే ప్రజల భాగస్వామ్యంతో కూడిన ప్రణాళిక అంటారు. ఇందులో మొదటి పని చెరువును అందరూ చుట్టి చూడడం. నీరు ఎటు నుండి వస్తున్నది? మురుగు ఎక్కడ కలుస్తున్నది? చెరువుపై ఎవరెవరు ఆధారపడి ఉన్నారు? ఈ ప్రశ్నలకు జవాబులు ఇంజనీరు కన్నా అక్కడ నివసించేవారికే బాగా తెలుస్తాయి.

అందరి అవసరాలు ఒకటిగా ఉండవు. కొత్తగా వచ్చినవారికి నడకదారి కావాలి. పశువులవారికి గడ్డి కావాలి. చేపలు పట్టేవారికి బతుకుతెరువు కావాలి. పక్షులకు అలజడి లేని చోటు కావాలి. కొందరినే అడిగి కంచె వేస్తే, తరతరాలుగా చెరువును నమ్ముకొన్న పేదవాడు కంచె బయట ఉండిపోతాడు. కైకొండ్రహళ్ళిలో ఈ తేడాలను గమనించారు. మురుగును మళ్ళించారు, పూడిక తీశారు, నడకదారి వేశారు. గడ్డి కోసుకోవడానికీ, చేపలు పెంచడానికీ వీలు కల్పించారు. చెరువు గట్టున ఉన్న ప్రభుత్వ పాఠశాల పిల్లల అవసరాలను కూడా మరవలేదు. తర్వాత స్థానికులు ఒక సంఘంగా ఏర్పడి చెరువు సంరక్షణలో పాలుపంచుకొన్నారు.

జె.పి.నగర్ దగ్గరి పుట్టేనహళ్ళి చెరువు కథ మరొకటి. 2010లో అక్కడివారు సంఘం పెట్టుకొని, 2011లో పాలికెతో ఒప్పందం చేసుకొని చెరువు నిర్వహణ బాధ్యతను స్వీకరించారు. చుట్టూ కట్టడాలు పెరిగి, వాననీరు వచ్చే దారులు మూసుకుపోవడంతో చెరువుకు నీరు కరువైంది. అప్పుడు పక్కనున్న నివాస సముదాయంలో వాడిన నీటిని శుద్ధిచేసి చెరువులోకి వదిలే ఏర్పాటు జరిగింది. వృథా అనుకొన్న నీరే చెరువుకు ప్రాణం పోసింది.

నగరపాలనలో పాల్గొనడం పౌరులకు చట్టం కల్పించిన అవకాశం కూడా. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ ప్రకారం మూడు లక్షలు, అంతకు మించిన జనాభా గల నగరాల్లో వార్డు కమిటీలు ఏర్పాటు చేయాలి. నీరు, మురుగుకాలువలు, చెత్త వంటి విషయాలను ప్రజలు అక్కడ చర్చించవచ్చు.

చెరువును ఒకసారి బాగుచేస్తే సరిపోదు. ఎగువన ఒక్క ఇంటి మురుగు కాలువలో కలిసినా దిగువ చెరువు చెడుతుంది. ప్రభుత్వం నిధులిస్తుంది, ఇంజనీరు గట్టు కడతాడు. కానీ కట్టిన గట్టును కనిపెట్టి ఉండవలసినవారు గట్టు పక్కన నివసించేవారే. నాటి నీరుగంటి ఒక్కడు చేసిన కావలిని నేడు ఊరంతా కలిసి చేయాలి.