చూసేవారు లేనిచోట

జపాన్‌లోని షికోకు దీవిలో, ఎహిమే ప్రాంతపు సముద్రతీరాన షిమోనాదా అనే చిన్న రైల్వే స్టేషన్ ఉంది. 1935లో ప్రారంభమైన ఈ స్టేషన్‌లో నేడు స్టేషన్ మాస్టరు లేడు, టిక్కెట్లిచ్చే గుమాస్తా లేడు. అక్కడ ఒకే ఒక ప్లాట్‌ఫారం, దానిపై చిన్న కప్పు, ఎదుట సముద్రం కనిపిస్తాయి.

పల్లెల్లో జనం తగ్గేకొద్దీ ఆ దేశంలో ఇలా సిబ్బంది లేని స్టేషన్లు పెరిగాయి. అటువంటి మార్గాల్లో ప్రయాణికుడు రైలెక్కగానే తలుపు వద్దనున్న యంత్రం నుండి నంబరు చీటీ తీసుకుంటాడు. అతడు ఎక్కడ ఎక్కాడో ఆ చీటీయే తెలుపుతుంది. దిగేటప్పుడు డ్రైవరు పక్కనున్న డబ్బాలో చీటీతోపాటు ఛార్జీ వేస్తాడు. కొన్ని స్టేషన్లలోనైతే వాడిన టిక్కెట్లు వేయడానికి బయటి దారిలో ఒక పెట్టె ఉంటుంది. దాని పక్కన ఎవరూ నిలబడి ఉండరు.

ఈ ఏర్పాటు చాలావరకు నమ్మకంపైనే నడుస్తుంది. దానినే మనం అమానతు అంటాము. అల్లాహ్ చూస్తున్నాడని విశ్వసించే మనకు కాపలా లేని చోటంటూ ఏదీ లేదు. అయినా బస్సులో అర టిక్కెట్టు కోసం పిల్లవాడి వయస్సు తగ్గించి చెప్పే తల్లిదండ్రులు మనలోనూ ఉన్నారు. కండక్టరు ఆ మాట నమ్మవచ్చు. కాని అది అబద్ధమని పక్కనే కూర్చున్న ఆ పిల్లవాడికి తెలుసు.