బేస్‌ గిటార్‌ మార్చాలనుందా? ఆగండి, ఓ లెక్క చూద్దాం!

పెళ్లిలో ఆర్కెస్ట్రా మొదలైతే అందరి కళ్లూ పాడేవాళ్ల మీదే. కీబోర్డు దగ్గరున్న ఆయన్ని కొందరు గమనిస్తారు, డ్రమ్స్‌ చుట్టూ పిల్లలు మూగుతారు. వెనకాల నిలబడి నాలుగు లావు తీగల మీద వేళ్లు ఆడించే కుర్రాణ్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. అతనో రెండు నిమిషాలు ఆపితే అప్పుడు తెలుస్తుంది, పాట ఎంత పలచబడిపోయిందో. బేస్‌ గిటార్‌ పని అలాంటిది.

రామగిరి నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం కాలేజీలకు తిరిగే విద్యార్థుల్లో ఈ వాద్యం పట్టినవాళ్లు మీరైతే ఈ కథనం మీకే. పది, పన్నెండు వేలు పెట్టి మొదటి బేస్‌ కొనుక్కున్నారు. చర్చిలోనో, కాలేజీ బ్యాండులోనో, ఆర్కెస్ట్రాలోనో ఏడాది రెండేళ్లు వాయించారు. ఇప్పుడు ఒకటే ఆలోచన... ‘ఇంకాస్త మంచిది ఉంటేనా, నా వాయింపే మారిపోతుంది!’

మారొచ్చు, మారకపోనూ వచ్చు. బంగారు గనులు మూతపడి, కొండల మీద గాలిమరలు తిరిగే రామగిరిలో ముప్పై వేలంటే చిన్న మొత్తం కాదు. వేరుశనగ మీదో మగ్గం మీదో బతికే ఇంట్లో అది ఒక కోచింగ్‌ ఫీజు, లేదా బెంగళూరులో ఉద్యోగం వెతుక్కునే నాలుగు నెలల హాస్టల్‌ ఖర్చు. అందుకే షాపు మెట్లెక్కేముందు ఇంట్లో చూసుకోవాల్సినవి కొన్నున్నాయి.

తప్పు గిటార్‌దేనా?

ధర్మవరంలో పట్టుచీర నేసేవాళ్లను అడగండి. పడుగు బిగువు సరిగా లేకపోతే మగ్గం ఎంత మంచిదైనా నేత కుదరదు. ముందు బిగువు సరిచేసుకుంటారు తప్ప కొత్త మగ్గం కోసం పరుగెత్తరు. బేస్‌కూ అంతే. దీన్నే వాయించేవాళ్లు సెటప్‌ అంటారు. స్టార్టర్‌ బేస్‌లు చాలావరకు డబ్బాలోంచి తీసినవి తీసినట్టే చేతికొస్తాయి. వాటికి సెటప్‌ ఎవరూ చేసి ఉండరు.

ఇంట్లోనే చేసే పరీక్ష ఒకటుంది. లావు తీగను ఎడమచేత్తో మొదటి ఫ్రెట్‌ దగ్గర నొక్కండి. కుడిచేత్తో నెక్‌ వచ్చి బాడీకి కలిసేచోట నొక్కండి. ఇప్పుడు ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు చూడండి. విజిటింగ్‌ కార్డు దూరేంత ఉంటే బాగున్నట్టే. అసలు సందే లేకపోతే తీగ ఫ్రెట్‌కు ఆని బుర్రుమంటుంది. బాగా ఎక్కువుంటే నొక్కలేక వేళ్లు నొప్పెడతాయి. నెక్‌ లోపల ట్రస్‌ రాడ్‌ అనే ఇనుప కడ్డీ ఉంటుంది. అలెన్‌ కీతో దాన్ని తిప్పితే ఈ సందు సరవుతుంది. పావు చుట్టు కంటే ఎక్కువ ఒకేసారి తిప్పకూడదు. తిప్పి, శ్రుతి చేసి, కాసేపు ఆగి మళ్లీ చూడాలి. బిగుసుకుపోయినట్టు అనిపిస్తే బలవంతం చేయొద్దు, తెలిసినవాళ్లకు ఇచ్చేయండి.

మన ప్రాంతానికి ఇది మరీ ముఖ్యం. దేశంలోనే తక్కువ వాన పడే ప్రాంతాల్లో పాత అనంతపురం జిల్లా ఒకటి. గాలి పొడిబారితే నెక్‌ కర్రలోని తేమ పోతుంది, నెక్‌ వెనక్కి నిక్కుతుంది. మార్చిలో బాగా పలికిన బేస్‌ మేలో బుర్రుమంటే అది పాడైనట్టు కాదు, ఎండ పని!

రెండో పరీక్ష శ్రుతిది. పన్నెండో ఫ్రెట్‌ దగ్గర తీగను నొక్కకుండా మునివేలు ఆనించి మీటితే సన్నటి హార్మోనిక్‌ పలుకుతుంది. తర్వాత అదే చోట నొక్కి మీటండి. ట్యూనర్‌ రెండుసార్లూ ఒకటే చూపించాలి. నొక్కినప్పుడు ఎక్కువ చూపిస్తే బ్రిడ్జి మీది సాడిల్‌ను వెనక్కి జరపాలి. చిన్న స్క్రూ పని. ఇది తెలియక ‘నా బేస్‌ పైన శ్రుతిలో ఉండదు’ అని అమ్మేసుకునేవాళ్లున్నారు.

ఇక తీగలు. ఏడాదిగా చెమట, దుమ్ము పట్టిన తీగలు ఏ గిటార్‌ మీదైనా మొద్దుగానే పలుకుతాయి. మంచి సెట్‌ రెండు వేలకు అటూ ఇటూగా వస్తుంది. డబ్బు లేని రోజుల్లో పాత తీగలను వేడినీళ్లలో మరిగించి ఆరబెట్టి వాడుకునే చిట్కా కూడా ఉంది, కొన్నాళ్లు పనిచేస్తుంది. ఇంట్లో అమ్మ వంటగిన్నె మాత్రం వాడకండి.

మొత్తం మీద రెండు మూడు వేల ఖర్చుతో సగం మందికి పాత బేస్సే కొత్తగా అనిపిస్తుందని నా నమ్మకం.

ఆంప్‌ సంగతి మర్చిపోవద్దు

బేస్‌లో లావు తీగ ‘ఈ’ స్వరం సెకనుకు దాదాపు 41 కంపనాలు. ఆరంగుళాల స్పీకరున్న చిన్న ప్రాక్టీస్‌ ఆంప్‌ దాన్ని నిండుగా పలికించలేదు. ఫోన్‌ స్పీకర్‌ అయితే అసలే కాదు. ఫోన్లో వీడియోలు చూసి ‘ఆ బేస్‌ టోన్‌ బాగుంది’ అనుకోవడం వృథా. కనీసం హెడ్‌ఫోన్స్‌ పెట్టుకుని వినండి. మీ గిటార్‌ గొంతు బాగా లేదనిపిస్తే ఒకసారి ప్రోగ్రాంలో పెద్ద సౌండ్‌ సిస్టంకి కలిపి, ఈక్వలైజర్‌ ముట్టుకోకుండా వినండి. అక్కడ బాగుంటే మీకు కావాల్సింది బేస్‌ కాదు, పది, పన్నెండు అంగుళాల స్పీకరున్న బేస్‌ ఆంప్‌. మామూలు గిటార్‌ ఆంప్‌లో బేస్‌ పెట్టి గట్టిగా వాయిస్తే దాని స్పీకర్‌ దెబ్బతినొచ్చు, అదీ గుర్తుంచుకోండి.

అమెరికాలో 1960ల్లో మోటౌన్‌ సంస్థ హిట్‌ పాటలకు బేస్‌ వాయించిన జేమ్స్‌ జామర్సన్‌ ఏళ్ల తరబడి 1962 నాటి ఒకే ఫెండర్‌ ప్రెసిషన్‌ బేస్‌తో నెట్టుకొచ్చారు. మీటడానికి ఎక్కువగా వాడింది కుడి చూపుడు వేలొక్కటే. తీగ తెగితే తప్ప మార్చేవారు కాదట. ఆయనవి నునుపైన ఫ్లాట్‌వౌండ్‌ తీగలు కాబట్టి చెల్లింది, మన స్టార్టర్‌ బేస్‌ల మీదుండే రౌండ్‌వౌండ్‌ తీగలకు ఆ పద్ధతి పనికిరాదు.

సరే, నిజంగానే మార్చాలి!

సెటప్‌ అయింది, తీగలు మారాయి, పెద్ద ఆంప్‌లోనూ విన్నారు. అయినా పాట మధ్యలో శ్రుతి జారిపోతోంది, కొన్ని ఫ్రెట్ల దగ్గర స్వరం చచ్చిపోతోంది, వాల్యూమ్‌ నాబ్‌ తిప్పితే గరగరమంటోంది. అప్పుడు మార్చాల్సిందే.

మొదట తేల్చుకోవాల్సింది బ్రాండు కాదు, నాలుగు తీగలా, అయిదు తీగలా అన్నది. ఇక్కడ మన పాటల సంగతి చూడాలి. సినిమా పాటల్లో బేస్‌ చాలాసార్లు కీబోర్డు మీద వాయించిందే. అది ‘ఈ’ కంటే కిందికి సులువుగా దిగిపోతుంది. పైగా గాయని శ్రుతి ఒకటి, గాయకుడి శ్రుతి ఇంకొకటి. స్టేజీ మీద ‘ఒక కట్ట దించప్పా’ అంటే నాలుగు తీగలవాడికి కింద చోటుండదు. అందుకే ఆర్కెస్ట్రానే ప్రధానమైతే అయిదు తీగలదే మేలు. చవకరకం అయిదు తీగల బేస్‌తో మాత్రం జాగ్రత్త. అయిదోదైన ‘బీ’ తీగ 31 కంపనాల దగ్గర పలకాలి. నెక్‌, బ్రిడ్జి గట్టిగా లేకపోతే ఆ తీగ వదులు తాడులా ఊగుతుంది, స్వరం తెలియదు. షాపులో ముందుగా మీటాల్సింది ఆ తీగనే. కాలేజీ బ్యాండు, రాక్‌, ఇళయరాజా పాటలు నేర్చుకోవడం... వీటికి నాలుగు తీగలు బ్రహ్మాండంగా సరిపోతాయి. ‘గీతాంజలి’ సినిమా పాటలు హెడ్‌ఫోన్స్‌ పెట్టుకుని బేస్‌ ఒక్కదాన్నే పట్టుకుని వినండి, ఆర్నెల్ల పాఠం అందులో ఉంది.

తర్వాత నెక్‌. లియో ఫెండర్‌ 1951లో ప్రెసిషన్‌ బేస్‌ తెచ్చారు. అప్పటిదాకా ఉన్న నిలువెత్తు డబుల్‌ బేస్‌కు ఫ్రెట్లు లేవు, స్వరస్థానం చెవితో వెతుక్కోవాలి. ఫ్రెట్లు పెట్టడంతో కచ్చితంగా పడింది కాబట్టే ఆ పేరు. 1960లో వచ్చిన జాజ్‌ బేస్‌ నెక్‌ తలవైపు సన్నగా ఉంటుంది. ఇప్పుడు షాపుల్లో దొరికే చాలా మోడళ్లు ఈ రెంటిలో ఒకదాని బాటలోనివే, లేదంటే రెంటి పికప్‌లూ కలిపినవి. చేయి చిన్నదైతే జాజ్‌ తరహా సన్న నెక్‌ హాయి. స్కేలు సాధారణంగా 34 అంగుళాలు. అది అందకపోతే 30 అంగుళాల షార్ట్‌ స్కేల్‌ కూడా ఉంది. అమ్మాయిలకు షార్ట్‌ స్కేలే అని షాపువాళ్లు చెబితే అలాగే ఒప్పేసుకోవద్దు, రెండూ పట్టుకుని చూడండి. ముంబయికి చెందిన మోహినీ డే చిన్నప్పుడే బేస్‌ పట్టి ఏఆర్‌ రెహమాన్‌ బృందంలో వాయించే స్థాయికి వెళ్లారు.

యాక్టివ్‌, ప్యాసివ్‌ అని ఇంకో మాట వింటారు. యాక్టివ్‌లో 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, బేస్‌, ట్రెబుల్‌ పెంచుకోవచ్చు. కేబుల్‌ గుచ్చి వదిలేస్తే వాయించకపోయినా బ్యాటరీ అయిపోతుంది, సరిగ్గా ముహూర్తం పాటకు గొంతు పడిపోతుంది! యాక్టివ్‌ తీసుకుంటే సంచిలో ఒక బ్యాటరీ ఎప్పుడూ ఉండాలి. రెండో బేస్‌గా అయితే నా ఓటు సాదా ప్యాసివ్‌కే.

పెట్టింది ఎప్పటికి తిరిగొస్తుంది?

యమహా, ఐబనెజ్‌, స్క్వయర్‌, కోర్ట్‌ లాంటి కంపెనీల మధ్యస్థాయి బేస్‌లు ఇరవై అయిదు నుంచి నలభై వేల మధ్య చూసుకోవచ్చు. ధరలు మారుతుంటాయి, కొనే రోజు కనుక్కోండి. దీని పైమెట్టుకు వెళ్లాలంటే ధర ఒక్కసారిగా ఎగబాకుతుంది, నేర్చుకుంటున్నవాళ్లకు అంత తేడా చెవికి తెలియదు.

ముప్పై వేలది కొన్నారనుకుందాం. ప్రోగ్రాంకు పదిహేను వందలు ఇస్తారని, బస్సు, భోజనం మూడొందలు పోతాయని అనుకుంటే మిగిలేది పన్నెండు వందలు. అంటే ఇరవై అయిదు ప్రోగ్రాములు. నెలకు రెండు దొరికినా ఏడాది దాటుతుంది. మధ్యలో ఆషాఢం, మూఢం వస్తే పెళ్లిళ్లే ఉండవు, ఈఎంఐకి మాత్రం మూఢం లేదు. మీ అంకెలు వేసి మీరే లెక్క చూసుకోండి. గత ఏడాది నిజంగా ఎన్ని ప్రోగ్రాములు చేశారో అదే వేయండి, చేయబోయేవి కాదు. ఏడాదిన్నరలో తిరిగిరాదనిపిస్తే అప్పు చేసి కొనొద్దు.

బేస్‌ గిటారిస్టు కావాలని ఉద్యోగ ప్రకటనలు అరుదు. ఆర్కెస్ట్రాలు, చర్చిలు, బెంగళూరు బ్యాండ్లు, స్టూడియో రికార్డింగులు, పాఠాలు చెప్పడం... ఇవన్నీ కలిపితేనే ఆదాయం. స్టూడియోకు వెళ్లాలంటే గిటార్‌ కంటే ముందు కార్డ్‌ చార్ట్‌, స్టాఫ్‌ నొటేషన్‌ చదవడం రావాలి. ట్రినిటీ కాలేజ్‌ లండన్‌ రాక్‌ అండ్‌ పాప్‌ పరీక్షల్లో బేస్‌కు ఎనిమిదో గ్రేడు దాకా ఉంది, పాఠాలు చెప్పుకోవాలనుకునేవాళ్లకు ఆ సర్టిఫికెట్‌ ఉపయోగం. వాయుసేన కూడా అగ్నివీర్‌ వాయు మ్యూజిషియన్‌ పేరుతో పదో తరగతి అర్హతతో సంగీతకారులను నాలుగేళ్లకు తీసుకుంటుంది. ఏ వాద్యాలు అర్హమో నోటిఫికేషన్‌ వచ్చినప్పుడు చూసుకోండి. వీటిలో ఏదానికీ ఖరీదైన బేస్‌ అడగరు.

బెంగళూరు బండెక్కితే...

ఆన్‌లైన్‌లో కొనడం తేలికే. ఒకే మోడల్‌ రెండు గిటార్లు ఒకేలా ఉండవు కాబట్టి చేత్తో పట్టి కొనడమే మంచిది. ధర్మవరంలోనో పెనుకొండలోనో రైలెక్కితే హిందూపురం మీదుగా బెంగళూరు. ఒక్కరే వెళ్లకండి, మీకంటే బాగా వాయించే అన్ననో అక్కనో తోడు తీసుకెళ్లండి. మీ పాత బేస్‌ కూడా పట్టుకెళ్తే పోల్చుకోవచ్చు.

ముందు ఆంప్‌ లేకుండా వాయించండి. ఒళ్లో పెట్టుకుని విన్నా కర్ర పలకాలి. ప్రతి తీగ మీదా ప్రతి ఫ్రెట్‌ ఒక్కసారి నొక్కండి, షాపువాళ్లు విసుక్కున్నా సరే. తర్వాత పట్టీ వేసుకుని నిలబడి చేతులు వదిలేయండి. కొన్నింటి తల నేలకు వాలిపోతుంది, అలాంటిది మూడు గంటల ప్రోగ్రాంలో ఎడమ భుజాన్ని చంపేస్తుంది. ఆంప్‌ నాబ్‌లన్నీ మధ్యలో పెట్టించి, మీకు బాగా వచ్చిన ఒకే పాట అన్నింటి మీదా వాయించండి. షాపులో కొత్త విన్యాసాలు వద్దు. నచ్చాక ‘అన్నా, సెటప్‌ చేసి ఇస్తారా? బ్యాగు ఇస్తారా?’ అని అడగండి. ధర తగ్గించనివాళ్లు కూడా వీటికి ఒప్పుకుంటుంటారు.

సెకండ్‌హ్యాండ్‌ అయితే ఇంకా మంచి బేరం. సరదాగా కొని, పని ఒత్తిడిలో మూలన పెట్టేసిన సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగుల గిటార్లు బెంగళూరులో దొరుకుతుంటాయి. నెక్‌ను తుపాకీ గురి చూసినట్టు చివర్నుంచి చూడండి, మెలి తిరిగి ఉంటే వదిలేయండి, దానికి మందు లేదు. ట్రస్‌ రాడ్‌ తిరుగుతుందో లేదో వాళ్ల ముందే చూడండి. చూడకుండా ఫోన్‌పేలో అడ్వాన్సు పంపొద్దు.

ఇంటికి తెచ్చాక వారం పది రోజులు దాన్ని మన గాలికి అలవాటు పడనివ్వండి. తర్వాత విజిటింగ్‌ కార్డు పరీక్ష మళ్లీ చేయండి, తేడా వస్తుంది. నెక్‌ అంచు వెంట చెయ్యి జారిస్తే ఫ్రెట్‌ కొనలు గీసుకుంటున్నాయా? కర్ర ఎండి కుంచించుకుపోయి లోహం బయటికి పొడుచుకొచ్చిందన్నమాట. గిటార్‌ బాగుచేసేవాళ్లు సన్న ఆకురాయితో కాసేపట్లో నునుపు చేసిస్తారు. బిల్లు, వారంటీ కార్డు మాత్రం అప్పటిదాకా బ్యాగులోనే ఉండనివ్వండి.