ఎర్రకోటలో తెల్లదొరల మేడలు

ఏటా ఆగస్టు 15 పొద్దున్నే టీవీలో కనబడే ఎర్రకోట ఎప్పుడూ ఒక్కలాగే ఉంటుంది. ఎర్రరాతి గోడ, పైన జెండా, మైకు ముందు ప్రధానమంత్రి. గోడ వెనక ఏముందో కెమెరాలకు పట్టదు. అది చూడాలంటే టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్లాల్సిందే. లాహోరీ దర్వాజా దాటి, ఛత్తా చౌక్ అంగళ్ల మధ్యనుంచి నడిచి, నౌబత్ ఖానా దగ్గరికి వచ్చాక ఒక్కసారి ఎడమవైపు చూడండి. చాలామంది చూడరు. ఎదురుగా దివాన్-ఎ-ఆమ్ పిలుస్తుంటే పక్కచూపులు ఎవరు చూస్తారు! చూసినవాళ్లకు మాత్రం, బాదుషా పెరట్లో ఎవరో హాస్టళ్లు కట్టారా అనిపిస్తుంది. వరసగా, పొడవుగా, మూడేసి అంతస్తుల మేడలు. అంతస్తు అంతస్తుకీ కమానుల వరండాలు. తామరపూలు లేవు, జాలీలు లేవు, రంగురాళ్ల పొదుగుడు అసలే లేదు.

ఇవి విక్టోరియా రాణి కాలంలో కట్టిన సైనిక బ్యారక్స్. షాజహాన్ 1639లో మొదలుపెట్టి 1648కల్లా పూర్తిచేసిన కోటలో, రెండు శతాబ్దాల తర్వాత వచ్చి కూర్చున్న అతిథులు. ఖాళీ జాగాలో కూర్చోలేదు, ఇల్లు పడగొట్టి మరీ కూర్చున్నారు.

1857 తిరుగుబాటులో చేజారిన ఢిల్లీ ఆ సెప్టెంబరులో మళ్లీ ఇంగ్లీషువాళ్ల చేతికి చిక్కింది. మరుసటి ఏడాది జనవరి 27న, చివరి మొగల్ బాదుషా బహదూర్ షా జఫర్‌ని సొంత దివాన్-ఎ-ఖాస్‌లోనే ముద్దాయిగా నిలబెట్టారు. మార్చి 9 దాకా విచారణ సాగింది. ముసలి బాదుషాని రంగూన్ పంపేశాక కోట మీద పడ్డారు. రాణివాసాలు, తోటలు, మంటపాలు, నౌకర్ల ఇళ్లు నేలమట్టమయ్యాయి. లోపలి కట్టడాల్లో నూటికి ఎనభై పాళ్లు పోయాయని చరిత్రకారుల అంచనా. కోట గోడకు వెలుపల కూడా 448 గజాల మేర ఊరిని చదును చేశారు, ఫిరంగి గుండుకు అడ్డు ఉండకూడదని! కోట లోపల హయాత్ బక్ష్ తోటకు పడమరన మెహతాబ్ బాగ్ అని మరో తోట ఉండేది. వెన్నెల తోట. వెన్నెల పోయి, దాని చోట సోల్జర్లు వచ్చారు.

దీన్ని తిట్టినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది ఒక తెల్లవాడినే. భారతీయ వాస్తుకళ మీద 1876లో పెద్ద పుస్తకం వేసిన జేమ్స్ ఫెర్గూసన్, ఈ బ్యారక్స్‌ని చూసి మండిపడ్డాడు. ఐరోపాలో ఏ రాజభవనానికైనా రెట్టింపు ఉండే అంతఃపురాన్ని కూల్చేవాళ్లు, కూల్చేముందు కనీసం దాని నక్షా అయినా గీయించలేదే అన్నది అతని ఆక్రోశం. నాకూ ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంటుంది. కూల్చడం యుద్ధకోపం అనుకోవచ్చు. లెక్క కూడా రాసుకోకపోవడాన్ని ఏమనాలి?

మిగిలినవాటికీ గౌరవం దక్కలేదు. ముంతాజ్ మహల్ అనే భవనం కొన్నాళ్లు సైనిక ఖైదుగా, కొన్నాళ్లు సార్జెంట్ల మెస్‌గా నడిచింది. జఫర్ ముచ్చటపడి 1842లో కట్టించుకున్న జఫర్ మహల్ చుట్టూ ఉన్న కొలను సోల్జర్లకు ఈతకొలను అయింది.

ఇక మేడల సంగతి. వీటికి పేరున్న శిల్పి ఎవరూ లేరు. మిలిటరీ ఇంజినీర్ల పని ఇది, అందానికి కాదు, అవసరానికి. మందమైన గోడలు, ఎత్తైన కప్పు, గాలి అటునుంచి ఇటు కొట్టేలా ఎదురెదురు ద్వారాలు, ఎండ గదిలోకి రాకుండా చుట్టూ వరండా. అప్పట్లో సోల్జరుని చంపింది శత్రువు కాదు, జ్వరం, కలరా. 1863లో రాయల్ కమిషన్ తేల్చిన లెక్క ప్రకారం ఇండియాలోని బ్రిటిష్ సైనికుల్లో ఏటా వెయ్యికి 69 మంది చనిపోతున్నారు. నేలలోంచి లేచే చెడ్డగాలే జ్వరానికి కారణమని నాటి డాక్టర్ల నమ్మకం. మలేరియా అన్న పేరుకు అర్థమే అది. అందుకే పటాలాన్ని పై అంతస్తుల్లో పడుకోబెట్టాలని ఆ కాలపు బ్యారక్స్ సూత్రం.

ఆ నమ్మకాన్ని పడగొట్టింది మన సికింద్రాబాదే. పాతబస్తీవాళ్లు ‘లష్కర్’ అనే దండు ఊరిది. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్నాడు. చెడ్డది గాలి కాదు, అందులో ఎగిరే దోమ! అయినా ఎత్తు మేడలు దండగ కాలేదు. ఢిల్లీ ఎండల్లో ఆ వరండాల్లో నిలబడితే, కట్టినవాడి లెక్క తప్పయినా కట్టడం ఒప్పేనని ఒప్పుకోవాలి.

ఇవి కోటకు పట్టిన మచ్చలేనా అంటే, 1945 దగ్గర నాలుక కరుచుకోవాలి. ఆ నవంబరు 5న, కోటలోని ఒక సైనిక భవనంలో కోర్టు పెట్టారు. ముద్దాయిలు నేతాజీ సుభాష్ చంద్ర బోస్ నడిపిన ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారులు షా నవాజ్ ఖాన్, ప్రేమ్ సెహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్. ఒక ముస్లిం, ఒక హిందువు, ఒక సిక్కు. ముగ్గుర్నీ ఒకే బోనులో నిలబెట్టి సర్కారే దేశాన్ని ఒక్కటి చేసింది. భూలాభాయ్ దేశాయ్ వాదించాడు. నెహ్రూ ఎప్పుడో విప్పేసిన నల్లగౌను మళ్లీ తొడుక్కున్నాడు. యావజ్జీవ ద్వీపాంతరవాసం పడింది. కానీ దేశమంతా భగ్గుమనడంతో 1946 జనవరిలో సేనాని ఆకిన్‌లెక్ ఆ శిక్షను రద్దు చేయక తప్పలేదు. జఫర్‌ని శిక్షించిన కోటలోనే సర్కారు ఓడిపోయింది. 1948లో గాంధీజీ హత్యకేసు విచారణ జరిగిందీ ఈ కోటలోనే.

తెల్లవాళ్లు పోయినా పటాలం పోలేదు. 2003 డిసెంబరులో గానీ మన సైన్యం ఖాళీ చేసి పురావస్తు శాఖకు అప్పగించలేదు. 2007లో ఎర్రకోట ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. ఇప్పుడా శాఖ కాపలాలో మొగల్ పాలరాయికి ఎంత రక్షణో ఈ సున్నపు గోడలకూ అంతే. మేడల్ని తీసేసి మెహతాబ్ బాగ్ మళ్లీ నాటొచ్చు కదా అనేవాళ్లుంటారు. నక్షాయే గీసుకోని తోటను ఏమని నాటడం?

2019 జనవరి 23న, నేతాజీ పుట్టినరోజున, నాలుగు బ్యారక్స్ మ్యూజియాలయ్యాయి. ఒకదాంట్లో 1857, ఒకదాంట్లో జలియన్‌వాలా బాగ్, ఒకదాంట్లో చిత్రకళ. నాలుగోది నేతాజీది. ఆయన కూర్చున్న చెక్క కుర్చీ, కత్తి, ఫౌజ్ యూనిఫాములు, పతకాలు అక్కడున్నాయి. తెలుగువాళ్లు వెళ్తే ఈ చివరిదాంట్లో కాస్త ఎక్కువసేపు ఆగండి. 1943లో జర్మనీ నుంచి జలాంతర్గామిలో నేతాజీ వెంట బయల్దేరిన ఒకే ఒక్క సహచరుడు ఆబిద్ హసన్ సఫ్రానీ, మన హైదరాబాదీ. ఏటా గోడ మీద ప్రసంగం ముగిశాక మైకులో మోగే ‘జై హింద్’ ఆయన కూర్చిందేనని చెబుతారు.