డెల్టిక్‌ను మెల్లగా నడపడమే కష్టం

బ్రిటన్‌లోని వారసత్వ రైల్వేల్లో బండి సాధారణంగా గంటకు 40 కిలోమీటర్లు దాటదు. అలాంటి పట్టాల మీదికి 3,300 అశ్వశక్తి గల డెల్టిక్ రైలింజన్ వస్తోందంటే, దాన్ని చూడటానికన్నా వినడానికే ఎక్కువమంది వస్తారేమో అనిపిస్తుంది.

ఆ మోత రహస్యం లోపలి రెండు డీజిల్ ఇంజిన్లలో ఉంది. నేపియర్ కంపెనీ నౌకాదళపు వేగపడవల కోసం రూపొందించిన రకం ఇది. ముక్కోణంగా పేర్చిన 18 సిలిండర్లు, మూలకొకటి చొప్పున మూడు క్రాంక్‌షాఫ్టులు. ప్రతి సిలిండర్లోనూ రెండు పిస్టన్లు ఎదురెదురుగా వచ్చి మధ్యలో గాలిని నొక్కుతాయి. వాల్వులు లేవు, గోడల్లోని రంధ్రాలను పిస్టన్లే మూస్తాయి, తెరుస్తాయి. పొగ వెళ్లే వైపు పిస్టన్ రెండోదానికన్నా కాస్త ముందుండాలి. మూడు షాఫ్టులూ ఒకే వైపు తిరిగితే ఈ లెక్క కుదరదు. ఒకదాన్ని ఎదురు తిప్పారు, చిక్కు వీడింది. టూ స్ట్రోక్ కాబట్టి చుట్టుకొకసారి ప్రతి సిలిండరూ మండుతుంది. నిమిషానికి 1,500 చుట్లంటే ఒక్కో ఇంజిన్లో సెకనుకు 450 పేలుళ్లు! విడివిడిగా వినపడవు, ఒకటే తుమ్మెద రొద.

బరువు చూడండి: డెల్టిక్‌ను కట్టిన ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ కంపెనీవే అయిన క్లాస్ 40 రైలింజన్లు 135 టన్నులు తూగి 2,000 అశ్వశక్తే ఇచ్చేవి. డెల్టిక్ సుమారు 100 టన్నులే. 1961-62లో వచ్చిన ఈ 22 రైలింజన్లు లండన్-ఎడిన్‌బరా దారిలో 160 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తి, 1982 జనవరికల్లా విశ్రాంతి తీసుకున్నాయి. ఆరు మిగిలాయి, వాటికి ముందు చేసిన నమూనా కూడా.

కష్టపడటానికి పుట్టిన ఇంజిన్‌కు తీరిక పడదు. ఖాళీగా తిరుగుతున్నంతసేపూ నూనె కొద్దికొద్దిగా పొగగొట్టం వైపు చేరుతుంది. డ్రైవరు పవర్ ఇవ్వగానే వేడెక్కి, దట్టమైన పొగగా ప్లాట్‌ఫామ్‌ను కమ్మేస్తుంది. ఫొటోలకు బాగుంటుంది గాని, ఒక్కోసారి ఆ నూనే అంటుకుంటుంది.

బ్రిటిష్ రైల్ రోజుల్లో ఇంజిన్ చెడితే మొత్తంగా పైకి లేపేసి, సిద్ధంగా ఉంచిన మరోదాన్ని దించేవారు. ఇప్పుడా నిల్వలెక్కడివి? ఆవిరి అభిమానులు 2008లో 'టొర్నాడో' అనే రైలింజన్‌ను పూర్తిగా కొత్తగానే కట్టుకున్నారు. డెల్టిక్ విషయంలో ఆ ఊహకే ఖర్చు అడ్డం. అందుకే పాత ఇంజిన్ల కోసం సముద్రం వైపూ చూశారు. మిగిలిన ఆరింటిలో ఒకటైన 'రాయల్ స్కాట్స్ గ్రే'కు ఒక దశలో నార్వే నౌకాదళం వాడి వదిలేసిన ఇంజిన్‌ను, రైలుకు సరిపోయేలా మార్చి అమర్చారు.