పసివానికి దమము నేర్పుట ఎట్లు?



ధవళేశ్వరంలో శ్రీ జనార్దనస్వామివారి సన్నిధిలో పురాణం ముగిసిన పిమ్మట తల్లులు తరచు అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. "శాస్త్రిగారూ! మా వాడికి నాలుగేళ్ళు. కోరినది ఆ క్షణాన చేతికి రాకపోతే నేలమీద పడి దొర్లుతాడు. చేతిలోనిది విసురుతాడు, పక్కపిల్లలను కొరుకుతాడు. గ్రహదోషమంటారా? శాంతి చేయించమంటారా?" అని. ఇంటిలోని పెద్దలలో ఒకరు "నాలుగు తగిలిస్తే వాడే దారికి వస్తాడు" అంటారు. మరొకరు "పసివాడు, అడిగినది ఇచ్చెయ్యండి" అంటారు. ఈ రెండు మాటల నడుమ తల్లి నలిగిపోతున్నది. బిడ్డకు "దుష్టుడు" అనే పేరు స్థిరపడిపోతున్నది. ఆ పేరు పడకముందే ఈ విషయాన్ని శాస్త్రదృష్టితో విచారించుకొందాము.

మనస్సును నిగ్రహించుట శమము. కన్ను, నాలుక, చేయి మొదలైన బాహ్యేంద్రియాలను నిగ్రహించుట దమము. వేదాంతులు చెప్పే షట్కసంపత్తిలో ఇవి మొదటి రెండు. తలలు నెరసిన సాధకులు సైతం ఏండ్ల తరబడి శ్రమించి సంపాదించుకొనే ఈ సంపదను నాలుగేళ్ళ బిడ్డ పుట్టుకతో తెచ్చుకోలేదని కోపగించుట న్యాయమా? మనస్సు గాలివలె పట్టుకు చిక్కదని మొరపెట్టుకొన్నవాడు అర్జునుడంతటి వీరుడు. గీతాచార్యుడు అతనికి చూపిన ఉపాయాలు రెండు: అభ్యాసము, వైరాగ్యము. వైరాగ్యము పసివాని వయస్సుకు తగినది కాదు. అభ్యాసము మాత్రం ఆ వయస్సులోనే మొదలు కావలెను.

కఠోపనిషత్తులో యమధర్మరాజు నచికేతునికి ఒక రథాన్ని వర్ణించి చెబుతాడు. శరీరము రథము, ఇంద్రియాలు గుర్రాలు, మనస్సు పగ్గము, బుద్ధి సారథి, ఆత్మ రథికుడు. ఈ ఉపమానాన్ని పసివానికి అన్వయించి చూడండి. వాని గుర్రాలు పుట్టిననాటినుండే పరుగు తీస్తున్నవి. సారథి మాత్రం ఇంకను బాలుడే. నేటి వైద్యశాస్త్రము కూడ ఇదే చెబుతున్నది. ఆవేశాన్ని ఆపి ఆలోచింపజేసే పని నుదుటి వెనుక నున్న మెదడు భాగానిదట. అది అన్ని భాగాలకన్న ఆలస్యంగా, సుమారు ఇరవై అయిదేండ్ల వరకు పక్వమవుతూ ఉంటుందట. కావున తల్లిదండ్రులు కొంతకాలం ఆ సారథి పీఠంపై తామే కూర్చుండవలెను. బిడ్డ ఎదిగేకొద్దీ పగ్గాలను కొంచెం కొంచెంగా వాని చేతికి అందించవలెను. మొదలే వదలివేస్తే రథం బోల్తాపడుతుంది. ఎప్పటికీ వదలకుంటే సారథి తయారు కాడు.

పగ్గము పట్టుట అంటే బిగించుట అని కొందరు భ్రమపడతారు. మన ఊరి గోదావరినే చూడండి. కాటన్ దొర పర్యవేక్షణలో 1847లో ఆనకట్ట పని మొదలై 1852లో పూర్తయినది. ఇప్పుడు దాని స్థానంలో 175 తలుపుల బ్యారేజీ ఉన్నది. నాటి ఆనకట్ట గాని, నేటి బ్యారేజీ గాని గోదావరిని ఆపివేయలేదు. నీటిమట్టాన్ని పెంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలలోనికి మళ్ళించినవి. మిగిలినదానికి సముద్రానికి దారి విడిచినవి. పసివాని ఆవేగానికి కూడ కాలువ తీయవలెను. "విసరవద్దు" అని ఊరకుంటే ఆ చేతికి పని మిగిలే ఉన్నది. "గిన్నె విసరకూడదు, ఇదిగో బంతి, ఆ గోడకు విసురు" అంటే దారి దొరికినది. "కొట్టవద్దు" అన్నపుడు దానితోబాటు "నాకూ కాసేపు ఇవ్వు అని అడుగు" అనే మాటను వాని నోటికి అందించవలెను. వద్దన్న ప్రతిచోట ఏమి చేయవచ్చునో చెప్పుట పెద్దల విధి.

బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది ఇస్తారని మీకందరికీ తెలుసు. మూడవ హెచ్చరిక వచ్చిన తరువాత గట్టుకు మన్ను వెతుక్కొనే వివేకి ఉండడు. బిడ్డకు సైతం ఈ మూడు మట్టాలున్నవి. ఆకలి, నిద్ర, జనసమ్మర్దము, ఆట మధ్యలో హఠాత్తుగా లేవదీయుట, చేతిలోని ఫోను లాగుకొనుట, ఇవి వరదను తెచ్చే వానలు. ముఖం కందుట, గొంతు హెచ్చుట మొదటి హెచ్చరిక. అప్పుడే దగ్గరకు తీసుకొని, దాహమో నిద్రో కనుగొని, జనంలోనుండి కొంచెం పక్కకు తీసుకొనిపోవలెను. "ఇంకొక్క ఆట ఆడి లేద్దాము" అని ముందుగా చెప్పిన ఇంటిలో సగం వరదలు రానేరావు. మూడవ మట్టానికి చేరిన బిడ్డకు నీతిబోధ చెవికెక్కదు. ఆ సమయంలో వానికి, ఎదుటివారికి దెబ్బ తగలకుండ చూచుట, తక్కువ మాటలతో దగ్గర నిలుచుట మాత్రమే మన పని. అడిగినదాన్ని అప్పుడు ఇచ్చివేయకూడదు. ఇస్తే ఏడుపే దారి అని వాడు నేర్చుకొంటాడు. నీరు తీసిన తరువాత, ఒడిలో కూర్చుండబెట్టుకొని, జరిగినది రెండు మాటలలో చెప్పవలెను.

"కొట్టకుండ ఎట్లా?" అనేవారు దామోదరలీలను స్మరించవలెను. పెరుగుకుండ పగులగొట్టిన బాలకృష్ణుని వెంట యశోదమ్మ బెత్తము పట్టుకొనే పరుగెత్తినది. కాని బిడ్డ కళ్ళలో భయం చూచిన వెంటనే ఆ బెత్తమును పారవేసినదని భాగవతం దశమస్కంధం చెబుతున్నది. తరువాత రోటికి కట్టబోతే తాడు రెండంగుళాలు తక్కువైనది. ఎన్ని తాళ్ళు కలిపినా ఆ రెండంగుళాలు తక్కువే. తల్లి అలసట చూచి స్వామి తానే కట్టుబడినాడు. పిల్లలను కట్టివేయమని దీని అర్థం కాదు. బెత్తము పడిపోయినది, హద్దు మాత్రం పోలేదు. తల్లి ఓర్పు, బిడ్డ అంగీకారం కలిసిననాడే ఆ హద్దు నిలిచినది. బెత్తానికి వెరచి ఆగినవాడు బెత్తము లేనిచోట ఆగడు. పాఠశాలలలో పిల్లలను దండించుటను 2009 నాటి విద్యాహక్కు చట్టం కూడ నిషేధించినది.

ఇక అభ్యాసమును గురించి. వేదపాఠశాలలో సంత చెప్పే పద్ధతి మీలో కొందరు చూచియుందురు. గురువు ఒకమారు పలుకుతాడు. అది ముగిసేవరకు శిష్యుడు నోరు మెదపరాదు. ముగిసిన పిమ్మట రెండుమార్లు పలుకవలెను. కొత్తగా చేరిన ఏడెనిమిదేండ్ల బాలురు గురువు మాట పూర్తి కాకముందే అందుకొంటారు. వారిని తిట్టి ఆపిన దానికన్న, చిన్న చిన్న ముక్కలుగా సంత చెప్పి, నిలిచిన ప్రతిసారి "బాగు" అన్నప్పుడు త్వరగా కుదురుకొనుట నేను ఏండ్ల తరబడి చూచినాను. ఓర్పు కూడ సంతవలె వల్లెవేయగా వచ్చే విద్యయే. ఇంటిలో దీనికి అవకాశాలెన్నో. హారతి ముగిసేవరకు గంట ముట్టకుండ నిలిచి, ఆపైన తానే మ్రోగించుట. ప్రసాదం అందరికి తన చేతితో పంచి, చివర తాను తినుట. దాగుడుమూతలలో కళ్ళు మూసుకొని అంకెలు ముగిసేవరకు ఆగుట. నాలుగేళ్ళవానికి ఒక నిమిషం నిలుపు గొప్ప తపస్సే. నిలిచినందుకు మెచ్చుకొనండి, నిలువనినాడు రేపు మరల అని అనుకొనండి.

అన్నింటికన్న ముఖ్యం పెద్దల సత్యవాక్కు. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంవారు 2013లో ప్రకటించిన పరిశోధన ఒకటి ఉన్నది. మూడు మొదలు అయిదేండ్ల వయస్సుగల 28 మంది పిల్లలకు, మంచి రంగులు తెచ్చి ఇస్తామని ముందుగా ఆశ చూపినారు. సగంమందికి చెప్పినట్లు తెచ్చి ఇచ్చినారు. తక్కినవారి వద్దకు ఉత్తచేతులతో వచ్చినారు. ఆపైన ఒక మిఠాయి ముందుంచి, పదిహేను నిమిషాలు తినకుండ ఆగితే రెండు ఇస్తామన్నారు. మాట నిలిచినదని చూచిన పిల్లలు సగటున పన్నెండు నిమిషాలు ఆగినారు; మాట తప్పుట చూచినవారు మూడు నిమిషాలే. ఎంత చిన్న విషయం, ఎంత పెద్ద పాఠం! "ఏడవకు, తీర్థంలో బొమ్మ కొంటాను" అని చెప్పి కొనని తండ్రి, "బూచాడికి పట్టిస్తాను" అని బెదిరించే తల్లి బిడ్డకు తొందరపాటునే నేర్పుతున్నారు. ఆగితే దొరుకుతుందనే నమ్మకం లేనివాడు ఎందుకు ఆగుతాడు?

మరొక మాట. ఇంటిలోను బడిలోను నెలల తరబడి క్షణం నిలువలేకపోవుట, ప్రమాదమని తెలియక పదేపదే రోడ్డు మీదికో రేవులోనికో దూకుట, మాటలు ఆలస్యమగుట వంటివి కనబడితే పిల్లల వైద్యునికి చూపవలెను. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో అంగన్వాడీ కేంద్రాలలోను, ప్రభుత్వ పాఠశాలలలోను పిల్లలను పరీక్షించే ఏర్పాటు ఉన్నది. ఇందులో సిగ్గుపడవలసినది లేదు. ఇది తల్లి పెంపకంలోని లోపము కాదు. శాంతి చేయించదలచినవారు చేయించుకొనండి. దానిని సాకుగా చెప్పి వైద్యము మానకండి.

ప్రజాపతి దేవతలకు, మనుష్యులకు, అసురులకు "ద" అనే ఒక్క అక్షరాన్నే ఉపదేశించినాడని బృహదారణ్యకం చెబుతున్నది. దేవతలు దానిని దమమని గ్రహించినారు. మనుష్యులు దానమని, అసురులు దయ అని గ్రహించినారు. పసివాని ఇంటిలో ఈ మూడూ కావలెను. దమము బిడ్డ నేర్వవలసినది. దానము ఆ నేర్పుటకు మనం వెచ్చించే కాలము. దయ లేనిదే మొదటి రెండూ సిద్ధింపవు. బిడ్డకు దమము నేర్పదలచిన తల్లిదండ్రులు ముందుగా తమ కోపాన్ని తాము నిలుపుకొన్ననాడు, ఆ ఇంటి పాఠం సగం పూర్తయినట్లే.

జనార్దనస్వామి మీ బిడ్డలకు ఆయురారోగ్యాలను, మీకు ఓర్పును ప్రసాదించుగాక!

స్వస్తి.