రెండు కిరీటాలకు కాపలా కాసిన బాబాయి

తొమ్మిది నెలలు నిండకుండానే ఇంగ్లండ్‌కు, పదకొండో నెల నడుస్తుండగా ఫ్రాన్స్‌కు రాజయ్యాడు ఆరో హెన్రీ. 1422 ఆగస్టు 31న తండ్రి ఐదో హెన్రీ, అక్టోబరు 21న తల్లి తరఫు తాత ఆరో చార్లెస్ కన్నుమూయడంతో రెండు కిరీటాలూ ఉయ్యాల్లో వచ్చి పడ్డాయి. 1420లో కుదిరిన త్రువా ఒడంబడిక చలవ అది. ఫ్రాన్స్ బరువు నెత్తికెత్తుకున్నవాడు బాబాయి జాన్, బెడ్‌ఫర్డ్ డ్యూక్. పసివాడికి ఏదైనా అయితే ఇంగ్లండ్ సింహాసనం దక్కేది ఈయనకే. అయినా పదమూడేళ్లలో ఏనాడూ దానిమీద కన్ను వేయలేదు. మధ్యయుగపు బాబాయిల్లో ఇది అరుదే.

తన ఒళ్లంతా గాజుదని, ఎవరైనా తగిలితే పగిలిపోతానని భయపడేవాడట మతి చలించిన ఆరో చార్లెస్. ఆయన శవయాత్రలో పాడె వెంట నడిచిన రాజవంశీకుడు బెడ్‌ఫర్డ్ ఒక్కడే. కన్నకొడుకేమో వారసత్వం పోగొట్టుకుని లువార్ నదికి అవతల ఉన్నాడు. తిరుగుదారిలో బెడ్‌ఫర్డ్ ముందు రాజఖడ్గాన్ని పట్టుకు నడిచారు. పారిస్ జనం గొణుక్కున్నారు.

అజిన్‌కోర్ట్ యుద్ధం పేరు చాలామంది వినే ఉంటారు. 1415లో అది జరిగినప్పుడు బెడ్‌ఫర్డ్ అక్కడ లేడు, అన్న తరఫున ఇంగ్లండ్‌ను చూసుకుంటున్నాడు. మరుసటి ఏడు సెన్ నది ముఖద్వారంలో జరిగిన ఓడల పోరులో గాయపడ్డాడు. 1424 ఆగస్టు 17న వెర్నై దగ్గర మాత్రం తానే ముందుండి పోరాడాడు. ఫ్రెంచివాళ్లకు తోడొచ్చిన స్కాట్లండ్ సైన్యం ఆ రోజు దాదాపు తుడిచిపెట్టుకుపోయింది.

కత్తితోనే కాదు, బొమ్మతోనూ పోరాడాడీయన. 1423లో పారిస్‌లోని నోత్రదామ్ చర్చిలో పెద్ద వంశవృక్షం వేలాడదీయించాడు. ఒక పక్క ఫ్రాన్స్ రాజులు, మరో పక్క ఇంగ్లండ్ రాజులు, అందరూ దిగివచ్చి చివర పసి హెన్రీ దగ్గర కలుస్తారు. పక్కనే ఓ ఫ్రెంచి పద్యం. చదువు రానివాడికి బొమ్మ, వచ్చినవాడికి పద్యం! రీమ్స్ నుంచి వచ్చిన మతగురువు ఒకాయన దాన్ని పాడుచేస్తే, అలాంటివే రెండు చేయించి ఇమ్మన్నారు. ఇంతకు మించిన శిక్ష ఏముంటుంది!

పుస్తకాల పిచ్చి కూడా తక్కువేం కాదు. ఫ్రాన్స్ రాజులు లూవ్రు కోటలో పోగేసిన గ్రంథాలను 1424లో లెక్క తీయిస్తే 843 తేలాయి. ఖరీదు 2,323 లివ్రులని కట్టారు. మరుసటి ఏడాది బెడ్‌ఫర్డ్ వాటిని 1,200 లివ్రులకే కొనేశాడు. అమ్మే సర్కారూ తనే, కొనే ఆసామీ తనే అయితే బేరం ఎటు మొగ్గుతుందో చెప్పాలా? ఆయన పోయాక అవి చెల్లాచెదురైపోయాయి. భద్రంగా మిగిలింది వేరే పుస్తకం. ఆయనా, భార్య ఆన్ వాడుకున్న ఆ ప్రార్థనల పుస్తకం ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అంచుల నిండా వెయ్యికి పైగా గుండ్రటి బుల్లి చిత్రాలు. ఒక పేజీలో బంగారు జరీ అంగీతో, పొట్టిగా కత్తిరించిన జుట్టుతో, కొక్కెం ముక్కుతో సెయింట్ జార్జ్ ముందు మోకరిల్లి కనిపిస్తాడు బెడ్‌ఫర్డ్. ముక్కు దగ్గర చిత్రకారుడు మొహమాటపడలేదు. 1430 క్రిస్మస్ ముందు రోజు ఆన్ దాన్ని తొమ్మిదేళ్ల హెన్రీకి కానుకగా ఇచ్చింది.

ఇంగ్లండ్‌లో ఇంటిపోరు ఇంతింత కాదు. తమ్ముడు హంఫ్రీకి, పినతండ్రి వరసయ్యే బిషప్ బ్యూఫోర్ట్‌కు పడేది కాదు. రాజీ కుదర్చడానికి బెడ్‌ఫర్డ్ సముద్రం దాటి రావలసి వచ్చింది. 1426లో లెస్టర్‌లో పార్లమెంటు పెట్టి, కత్తులు తేవద్దన్నారు. సభ్యులు దుడ్డుకర్రలు పట్టుకొచ్చారు.

1429 ఫిబ్రవరిలో ఓర్లియాన్‌ను ముట్టడించిన ఇంగ్లిష్ సేనకు తపస్కాలంలో మాంసం పనికిరాదని ఉప్పుచేపలు పంపారు. దారికాచి దాడి చేసిన ఫ్రెంచివాళ్లను బండ్లు అడ్డుపెట్టుకునే తరిమికొట్టారు. చరిత్రలో దాని పేరు చేపల యుద్ధమే. ఆ సంబరం మూడు నెలలైనా నిలవలేదు. మే నెలలో జోన్ ఆఫ్ ఆర్క్ ముట్టడిని ఛేదించింది.

ఆమె మరుసటి ఏడు పట్టుబడితే ఇంగ్లిష్‌వాళ్లు 10,000 లివ్రులు పోసి కొనుక్కున్నారు. రువాన్ చెరసాలలో ఆమెకు ఆడవాళ్ల దుస్తులు కుట్టించమని పురమాయించింది బెడ్‌ఫర్డ్ భార్య ఆన్. తొడిగే నెపంతో దర్జీ ఎదమీద చెయ్యి వేస్తే జోన్ చెంప ఛెళ్లుమనిపించింది. పాతికేళ్ల తర్వాత పునర్విచారణలో సాక్షులు చెప్పిన మాట ఇది. 1431 మే 30న ఆమెను సజీవంగా కాల్చేశారు. బెడ్‌ఫర్డ్ పేరుకు పట్టిన ఆ మసి ఇప్పటికీ వదల్లేదు. మూడేళ్ల తర్వాత కూడా తమ ఓటమికి కారణం ఆ సైతాను శిష్యురాలి మాయేనని రాసుకున్నాడు మరి.

జోన్‌ను కాల్చిన ఏడే, 1431 డిసెంబరు 16న, పదేళ్ల హెన్రీకి నోత్రదామ్‌లో పట్టాభిషేకం. విందు వంటలు మూడు రోజుల ముందు చేసినవట! మిగిలినవి ధర్మాసుపత్రికి పంపితే, ఇంత హీనమైన తిండి ఎన్నడూ చూడలేదని రోగులే అన్నారని ఆనాటి పారిస్ వాసి ఒకడు తన దినచర్యలో రాసిపెట్టాడు. భోజనం బాగాలేని పెళ్లిని ఊరు మర్చిపోతుందా?

1432 నవంబరులో ఆన్ పోయింది. ఐదు నెలలకే బెడ్‌ఫర్డ్ పదిహేడేళ్ల జాకెట్టాను పెళ్లాడాడు. ఆన్ అన్న, బర్గండీ ప్రభువు ఫిలిప్ మండిపడ్డాడు. అతని అండ లేకపోతే పారిస్ నిలవదు. 1435 సెప్టెంబరు 14న రువాన్‌లో బెడ్‌ఫర్డ్ చనిపోయాడు. సరిగ్గా వారానికి, 21న, ఫిలిప్ ఆరో చార్లెస్ కొడుకుతో చేతులు కలిపాడు. మరుసటి ఏప్రిల్‌లో పారిస్ చేజారింది. రువాన్ కెథీడ్రల్‌లోని బెడ్‌ఫర్డ్ సమాధిని 1562లో మత కలహాల్లో పగలగొట్టారు. ఆయన పాలనలో కాన్ పట్టణంలో మొదలైన విశ్వవిద్యాలయం మాత్రం నేటికీ నడుస్తోంది.

బెడ్‌ఫర్డ్‌కు జాకెట్టా వల్ల సంతానం లేదు. ఆమె తర్వాత రిచర్డ్ వుడ్‌విల్ అనే మామూలు నైట్‌ను పెళ్లాడింది. వాళ్ల కూతురు ఎలిజబెత్ నాలుగో ఎడ్వర్డ్‌కు రాణి అయింది. ఎనిమిదో హెన్రీ నుంచి ఇప్పటి మూడో చార్లెస్ దాకా అందరూ ఆ జాకెట్టా సంతతే.